గెలిస్తే నష్టం

మా బావ ఎవరి పేరున్న జెర్సీ కొంటే ఆ ఆటగాడు శాన్ హోసే వదిలిపెట్టి వెళ్ళిపోతాడు. ఇది మా అక్క కనిపెట్టిన సూత్రం. ఇంతవరకూ తప్పలేదు. బ్రెంట్ బర్న్స్‌ది కొన్నాడు, 2022 వేసవిలో అతన్ని కరోలినాకి పంపేశారు. టీమో మైయర్‌ది కొన్నాడు, 2023 ఫిబ్రవరిలో అతన్ని న్యూజెర్సీకి ఇచ్చేశారు. ఎరిక్ కార్ల్‌సన్ ఆ సీజన్‌లో 101 పాయింట్లు చేసి నోరిస్ ట్రోఫీ కొట్టాడు కదా, ఇలాంటివాణ్ణి ఎవడైనా వదులుకుంటాడా అని ధైర్యం చేసి అతనిది కొన్నాడు. ఆగస్టులో కార్ల్‌సన్ పిట్స్‌బర్గ్ వెళ్ళిపోయాడు.

"ఇంక ఆ తోమాష్ హెర్టెల్ ఒక్కడే మిగిలాడు. మీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్కణ్ణీ ఉండనివ్వండి" అంది అక్క.

బావ పిచ్చి పేరు శాన్ హోసే షార్క్స్. హాకీ అనగానే ధ్యాన్‌చంద్ గుర్తొచ్చేవాళ్ళకి ఇది వేరే లోకం. పచ్చగడ్డి లేదు, బంతి లేదు. మంచు పేర్చిన నేల మీద జారుకుంటూ పోయి, ఒక నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో కొట్టుకోవడం. ఆ బిళ్ళని పక్ అంటారు. జట్టుకి అయిదుగురు, వెనక గోల్‌కీపరు, 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. షార్క్స్ ఆడేది డిరిడాన్ స్టేషన్ పక్కనున్న ఎస్‌ఏపీ సెంటర్‌లో. ఆట మొదలయ్యే ముందు లైట్లు ఆర్పేసి, పైనుంచి ఓ పెద్ద షార్క్ తలకాయ దింపుతారు. కళ్ళు మెరుస్తుంటాయి, చుట్టూ పొగ. మన ఆటగాళ్ళు ఆ కోరల మధ్య నుంచి ఒక్కొక్కరే మంచు మీదికి దూకుతారు. "వచ్చేటప్పుడు మాత్రం షార్క్ నోట్లోంచే వస్తారు, వచ్చాక రోజుకొకడి నోట్లో పడతారు" అనేవాడు బావ.

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదట. బావ ఆ ఊరొచ్చిన కొత్తల్లో షార్క్స్ మంచి జట్టు. దాదాపు ఏటా ప్లేఆఫ్స్‌కి వెళ్ళేవాళ్ళు. 2016లో స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడారు. తమాషా ఏమిటంటే, ఆ వైభోగం నడిచినన్నాళ్ళూ బావ ఆఫీసువాళ్ళు ఊరికే టికెట్లు ఇస్తే వెళ్ళేవాడు, లేకపోతే లేదు. 2019 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. సరిగ్గా అప్పుడే ఈయనకి భక్తి ముదిరింది. జట్టు కిందికి జారుతున్నకొద్దీ ఈయన దగ్గరకి జరిగాడు. ఆఖరికి సీజన్ టికెట్ కొన్నాడు. ధరలు పడిపోయాయని కొన్నాడు కాబోలు, మనవాడి పొదుపు ఎక్కడికి పోతుందని మేమంతా నవ్వుకున్నాం.

2023-24 సీజన్ వచ్చింది. మొదటి పదకొండు మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. నవంబర్ 2న వాంకూవర్ చేతిలో 10-1. సరేలే, ఒక చెడ్డరోజు అనుకున్నాం. రెండురోజులాగి అదే స్టేడియంలో పిట్స్‌బర్గ్ చేతిలో 10-2. అవతలి జట్టులో కార్ల్‌సన్ ఉన్నాడు. ఇవతల బావ ఒంటి మీద కార్ల్‌సన్ జెర్సీ ఉంది. వరుసగా రెండు మ్యాచ్‌లలో పదేసి గోల్స్ ఇచ్చుకున్న జట్టు 1965 నాటి బోస్టన్ తర్వాత ఇదేనట. రెండో పీరియడ్ అయ్యేసరికి మా వరస సగం ఖాళీ. నేనూ లేవబోతే బావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇంకేం చూస్తావు బావా?"

"అందరూ లేచిపోతే వాళ్ళెవరి కోసం ఆడతారు?"

క్రికెట్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి బావకి తలంట్లు మొదలయ్యాయి. "10-1 అంటే ఇంకా తొమ్మిది వికెట్లు ఉన్నాయిగా, కంగారెందుకు" అని ఒకడు. "ఫాలో ఆన్ ఇచ్చారా" అని ఇంకొకడు. బావ జవాబుగా చరిత్ర వల్లించేవాడు. షార్క్స్ తమ రెండో సీజన్‌లో, 1992-93లో, 84 మ్యాచ్‌లు ఆడి 71 ఓడారు, లీగ్‌లో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, దానితో పోలిస్తే ఇదెంత అనేవాడు. అదో ఓదార్పు!

నవంబర్ 7న ఫిలడెల్ఫియా మీద 2-1తో మొదటిసారి గెలిచారు. బావ ఆఫీసులో మైసూర్‌పాక్ పంచాడు. ఆ నెలలోనే అహ్మదాబాద్‌లో మనవాళ్ళు వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోతే గ్రూపంతా అన్నం మానేసింది. "పది గెలిచి ఒకటి ఓడినందుకు మీరు పస్తున్నారు. పదకొండు ఓడి ఒకటి గెలిస్తే నేను స్వీట్లు పంచాను. ఎవరు సుఖంగా ఉన్నార్రా?" అని బావ రాశాడు. ఒక్కడూ బదులు చెప్పలేదు.

ఈ రెండు ఘట్టాలకీ మధ్యలో బావ వాళ్ళ నాన్నగారు గుంటూరు నుంచి దిగారు. ఆయన్ని మా ఇళ్ళలో అందరూ మాస్టారనే అంటారు. ఇంటర్మీడియట్ పిల్లలకి ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి, కార్పొరేట్ కాలేజీలో డీన్‌గా రిటైరయ్యారు. లోకంలో ప్రతిదానికీ ఒక ర్యాంకు ఉంటుందని, అది తెలిస్తే ఆ వస్తువు గురించి సర్వమూ తెలిసినట్టేనని ఆయన నమ్మకం. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ కొడుకు టోపీ మీద షార్క్ బొమ్మ చూసి అడిగారు.

"మీ టీమేనా? ఎన్నో ర్యాంకు?"

"ముప్పై రెండు నాన్నా."

"పర్లేదే. ఎంతమందిలో?"

"ముప్పై రెండు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

అయినా కొడుకు రమ్మన్నాడని మ్యాచ్‌కి వచ్చారు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, పైన బావ పాత బర్న్స్ జెర్సీ. ఆట వేగం ఆయనకి అందలేదు కానీ రూల్స్ మాత్రం గంటలో ఒంటబట్టాయి. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు గాజుగదిలో కూర్చోబెట్టడం ఆయనకి తెగ నచ్చింది. "మేం క్లాసు బయట నిలబెట్టేవాళ్ళం" అన్నారు. ఆ రెండు నిమిషాలూ అవతలివాళ్ళు నలుగురే. దాన్ని పవర్ ప్లే అంటారు. షార్క్స్ అయిదుగురూ పక్‌ని ఒకడి నుంచి ఒకడికి మర్యాదగా అందించుకుంటుంటే బావ లేచి నిలబడి "కొట్టండ్రా! షూట్!" అని గొంతు చించుకున్నాడు. ముందువరసలో ఉన్న తెల్లాయన వెనక్కి తిరిగి, తెలుగు అర్థమైనట్టే తలూపాడు. ఆ దుఃఖానికి భాష అక్కర్లేదు.

పీరియడ్ల మధ్య మంచుని నున్నగా చేసే జాంబోనీ బండి వచ్చింది. "ఈ సాయంత్రం మొత్తం మీద పని సక్రమంగా చేసినవాడు వీడొక్కడేరా" అన్నారు మాస్టారు.

ఒక్క రూల్ మాత్రం మింగుడుపడలేదు. గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే సున్నా. కానీ 60 నిమిషాలకీ సమానంగా నిలిచి, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో ఓడితే ఒక పాయింటు.

"ఓడినవాడికి మార్కా?"

"చివరిదాకా పోరాడాడు కదా నాన్నా."

"గ్రేస్ మార్కులన్నమాట. నా సర్వీసులో ఎవరికీ వెయ్యలేదు."

ఆ మాటతో ఆయనకి సర్వీసు గుర్తొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కారులో, వెనకసీట్లో ఉన్న నా కోసం మొదలుపెట్టారు. వారం వారం పరీక్ష. సోమవారం పొద్దున్నే నోటీసుబోర్డు మీద మార్కులు. వాటిని బట్టి ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది సెక్షన్లు మళ్ళీ కలిపి కొత్తగా విడగొట్టడం. పైకొచ్చినవాడు పైకి, జారినవాడు కిందికి. కొడుకు కూడా అదే కాలేజీ.

"వీడు ఏ సెక్షన్‌లోనే మొదలయ్యాడోయ్. సీనియర్ ఇంటర్‌లో ఏమైందో ఏమో, నెలనెలా జారుతూ వచ్చి హెచ్‌లో పడ్డాడు. మా ప్రిన్సిపాల్‌గారు మొహమాటపడ్డారు. మీ అబ్బాయి కదా మాస్టారూ, సిలోనో డిలోనో ఉంచేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలా. లిస్టు నా చేత్తోనే రాసి, నేనే అంటించాను. ఇప్పటికీ ఆ కాలేజీలో చెప్పుకుంటారు, కొడుకని కూడా చూడలేదని."

"మరి హెచ్ వాళ్ళకి పాఠాలెవరు చెప్పేవాళ్ళు మాస్టారూ?" అన్నాను.

"ఎవడో ఒకడు. అప్పుడే డిగ్రీ పాసై ట్రయల్‌కి వచ్చిన కుర్రాళ్ళు. సీనియర్లందరూ ఏ, బి సెక్షన్లకే. పండే చేనుకే కదటోయ్ నీళ్ళు పెట్టేది!"

బావ గట్టిగా నవ్వాడు. "దాన్ని ఎవరూ హెచ్ అనేవాళ్ళు కాదు. గోడౌన్ అనేవాళ్ళు. ఒకే ఫ్యాను, అదీ తిరిగేది కాదు" అన్నాడు. మాస్టారూ నవ్వారు, నేనూ నవ్వాను.

డిసెంబర్, జనవరి ఓటములతోనే గడిచాయి. ప్లేఆఫ్స్ ఆశ ఎప్పుడో పోయింది. మార్చి 8, ఆటగాళ్ళని మార్చుకోవడానికి ఆఖరిరోజు. ఆ మధ్యాహ్నం హెర్టెల్‌ని వేగస్‌కి ఇచ్చేశారు. 2013 నుంచి ఈ ఊళ్ళోనే ఆడుతున్నవాడు. వెళ్ళింది కూడా ఎక్కడికి? పక్క రాష్ట్రంలో, ఇదే డివిజన్‌లో, కిందటేడు కప్పు గెలిచిన జట్టులోకి. అక్క ఒక్కమాట కూడా అనకుండా పడగ్గదిలోకి వెళ్ళి అల్మరా తెరిచింది. శీతాకాలం కోట్ల వెనకాల, ట్యాగ్ కూడా తియ్యని 48 నంబర్ జెర్సీ దొరికింది.

"ఎప్పుడు కొన్నారు?"

"క్రిస్మస్ సేల్‌లో" అన్నాడు బావ, తలొంచుకుని.

అక్కడి నుంచి ఆయన కష్టం కొత్త మలుపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఓడుతున్నారని బాధ. ఇప్పుడు గెలుస్తారేమోనని బెంగ! ఈ లీగ్‌లో ఏటా కొత్త కుర్రాళ్ళని పంచుకునేటప్పుడు ఎంచుకునే హక్కు కిందివాళ్ళ నుంచి మొదలవుతుంది. ఆఖర్న ఉన్నవాడికి మొదటి కుర్రాడు దొరికే అవకాశం అందరికన్నా ఎక్కువ. ఆ ఏటి మొదటి కుర్రాడు మాక్లిన్ సెలెబ్రీని అని అందరికీ తెలుసు. వాంకూవర్ వైపు పిల్లాడు, చిన్నప్పుడు కొన్నాళ్ళు శాన్ హోసేలో జూనియర్ షార్క్స్‌కి ఆడాడు కూడా. పదిహేడేళ్ళకే బోస్టన్ యూనివర్సిటీకి ఆడి, కాలేజీ హాకీలో అతిపెద్ద బహుమతి గెలుచుకున్నాడు. అలాంటివాడు రావాలంటే షార్క్స్ ఆఖర్నే ఉండాలి. కొంచెం పైన షికాగో కాచుకుని ఉంది. ఒకటి రెండు మ్యాచ్‌లు గెలిచారా, స్థానం ఎగిరిపోతుంది.

సీజన్ చివర్లో ఒక మ్యాచ్ గెలిచారు. గోల్ పడగానే బావ రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు. మరుక్షణం ఆ చేతుల్తోనే తల పట్టుకున్నాడు. చుట్టూ చూస్తే సగం స్టేడియం అదే భంగిమలో ఉంది. డబ్బులిచ్చి టికెట్ కొని, మన జట్టు గోల్ వేస్తే ఏడవాల్సిన గతి ఇంకెవరికైనా పట్టిందా?

"ఓడిపోవాలని కోరుకోవచ్చు కదా, పీడా పోతుంది" అన్నాన్నేను.

"కూర్చుని కోరుకోవడం నా వల్ల కాదురా. గోల్ పడితే చెయ్యి దానంతటదే లేస్తుంది."

మాస్టారికి ఈ పద్ధతి చెప్పేసరికి ఆయన మండిపడ్డారు. "ఫెయిలైనవాడికి గోల్డ్ మెడలా? రేపు ప్రతివాడూ కావాలని ఫెయిలవుతాడు!" అన్నారు. అందుకే దాన్ని లాటరీ చేశారని బావ వివరించాడు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళని 16 జట్లు. 1 నుంచి 14 దాకా అంకెలున్న బంతుల్లోంచి నాలుగు తీస్తారు.

"పద్నాలుగులోంచి నాలుగు. వెయ్యిన్నొకటి" అన్నారు మాస్టారు, కోపంలోనే.

"అవును. ఒకటి పక్కన పెట్టి మిగతా 1,000 పంచుతారు. ఆఖరివాడికి 185."

"అంటే పద్దెనిమిదిన్నర శాతం."

"ఇంకా ఉంది నాన్నా. ఆ పదహారులో పైనున్న అయిదు జట్లు లాటరీ గెలిచినా పది మెట్లే ఎక్కాలి. వాళ్ళకి తగిలితే మొదటి కుర్రాడు ఆఖరివాడికే మిగులుతాడు. వాళ్ళవి 70. మొత్తం ఇరవై అయిదున్నర."

మాస్టారు కాగితం తెప్పించుకుని లెక్క సరిచూశారు. సరిపోయింది. సరిపోయినందుకు ఇంకా కోపమొచ్చింది.

సీజన్ ముగిసింది. 82 మ్యాచ్‌లలో 19 గెలుపులు, 54 ఓటములు, 9 ఆ గ్రేస్ మార్కుల ఓటములు. మొత్తం 47 పాయింట్లు, ముప్పై రెండో స్థానం. "నూట అరవై నాలుగుకి నలభై ఏడు. ఇరవై తొమ్మిది శాతం కూడా లేదు. ముప్పై అయిదొస్తే గానీ పాస్ కాదు" అని మాస్టారు తీర్పు చెప్పారు. ఏప్రిల్ నెలాఖర్లో కోచ్ డేవిడ్ క్విన్‌ని తీసేశారు. "అదొక్కటే వీళ్ళు చేసిన మంచిపని" అన్నారు.

మే 7న లాటరీ. మాస్టారి ప్రయాణం ఆ వారంలోనే. హాల్లో సూట్‌కేసులు తూకం వేసి పెట్టున్నాయి. బావ ఆఫీసు క్యాలెండర్‌లో మీటింగ్ అని రాసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. కార్ల్‌సన్, హెర్టెల్, మైయర్ జెర్సీలు మూడూ సోఫా మీద పరిచాడు. టీవీలో లీగ్ డిప్యూటీ కమిషనర్ బిల్ డేలీ ఒక్కో కార్డూ తిప్పుతున్నాడు. పదహారు, పదిహేను, పద్నాలుగు... షార్క్స్‌కి అదృష్టం పూర్తిగా ముఖం చాటేసినా మూడు కన్నా కిందికి పోరు. మూడో కార్డు తిప్పేసరికి బావ ఊపిరి బిగబట్టాడు. అనాహైమ్. రెండోది తిప్పాడు. షికాగో.

మొదటి కార్డు తిప్పకముందే బావ గాల్లో ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, కార్పెట్ మీద మోకాళ్ళతో జారుతూ గోడ దాకా వెళ్ళాడు. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ముందు ఆ అబ్బాయి పేరు కనుక్కుంది. "ఈసారి అతని చొక్కా నేను కొంటాను. మీరు ముట్టుకోకండి" అంది.

మాస్టారు మాత్రం కదల్లేదు. టీవీని ఎగాదిగా చూశారు.

"అన్యాయంరా. పరమ అన్యాయం! ఏడాది పొడుగునా కష్టపడి పైన నిలిచినవాడికి మిగిలినవాళ్ళు, అట్టడుగున పడ్డవాడికి ఆణిముత్యమా? నాకు తెలీకడుగుతాను, పక్కనే బాస్కెట్‌బాల్ వారియర్స్ ఉన్నారు, ఎనిమిదేళ్ళు తిరగకుండా నాలుగు కప్పులు కొట్టారని నువ్వే చెప్పావు. ఆ వేగస్ ఉంది. గెలిచేవాళ్ళు ఇంతమందుండగా పోయి పోయి ఈ ముప్పై రెండోవాణ్ణి పట్టుకుని వేలాడతావేంట్రా?"

బావ కార్పెట్ మీదే కూర్చుని ఒగరుస్తూ నవ్వుతున్నాడు.

"ఈ రూల్ ఉన్నందుకే నాన్నా."

"ఇదీ ఒక రూలేనా! దీన్ని రాసినవాడెవడో గానీ, జన్మలో ఒక్క సెక్షన్‌కి కూడా పాఠం చెప్పినవాడై ఉండడు."

"అయ్యుండడు నాన్నా" అన్నాడు బావ, టీవీ కట్టేస్తూ. "ఆఖరి సెక్షన్‌లో కూర్చున్నవాడై ఉంటాడు."